వెంగమాంబ వెతుక్కున్న చోటు

తిరుమల కొండ మీద అన్నప్రసాదం తినని తెలుగువాళ్లు అరుదు. 2011లో ప్రారంభమైన ఆ పెద్ద భోజనశాలకి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. చక్కెర పొంగలి బాగుందనో, సాంబారు వేడిగా ఉందనో చెప్పుకుంటాం గానీ, ఆ పేరుగల మనిషి ఎవరని అడిగేవాళ్లు తక్కువ. భక్త కవయిత్రి అని కొందరికి తెలుసు. నాకు మాత్రం ఆమె కవిత్వం కంటే ముందు ఆమె ధ్యానమే గుర్తొస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా కాదన్నా మనసు చెదరకుండా నిలబడిన ఆడది ఎవరని అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

వెంగమాంబ 1730లో పూర్వపు చిత్తూరు జిల్లాలో, వాయల్పాడుకి దగ్గరలో ఉన్న తరిగొండలో పుట్టారు. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఆ ఊళ్లో లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచే ఆమెకి ఆ గుడే లోకం. తోటి పిల్లలు ఆడుకుంటుంటే ఈమె ఒక మూల కూర్చుని కళ్లు మూసుకునేదట. పిల్లకి పిచ్చి పట్టిందని ఊరివాళ్లు గుసగుసలాడారు. పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందన్నారు. ఆడపిల్ల ఏ కాస్త తేడాగా ఉన్నా అప్పుడూ అదే మందు, ఇప్పటికీ చాలా ఇళ్లలో అదే మందు!

అప్పటి ఆచారం ప్రకారం బాల్యంలోనే పెళ్లి చేశారు. భర్త ఇంజేటి వెంకటాచలపతి. ఆయన కొద్దికాలానికే చనిపోయారు. ఇక తర్వాత ఏం జరగాలో లోకం ముందే రాసిపెట్టింది. బొట్టు చెరపాలి, గాజులు పగలగొట్టాలి, తల గొరిగించాలి, ఇంట్లో ఓ చీకటి మూలకి పోయి కూర్చోవాలి. ఆ పిల్ల ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనని, ఆయనకి చావు లేదు కాబట్టి తన పసుపుకుంకుమలకీ చావు లేదని పట్టుబట్టింది. పంచాయితీ పుష్పగిరి పీఠాధిపతి దాకా వెళ్లిందని, అక్కడా ఆమె తలవంచలేదని చెబుతారు. ఆ కథలో మహిమలు కూడా ఉన్నాయి. వాటిని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. మహిమలన్నీ పక్కన పెట్టినా మిగిలేది చిన్న విషయం కాదు. రెండున్నర వందల ఏళ్ల కిందట ఒక వితంతువు తన జుట్టు మీద హక్కు తనదేనంది.

ఇంత ఎదురీత ఈదడానికి ఆమెకి బలం ఎక్కడ్నుంచి వచ్చింది? మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులు అనే గురువు ఉండేవారు. ఆయన దగ్గర ఆమె యోగం నేర్చుకున్నారు. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి అని ఎనిమిది మెట్లు. ధ్యానం వీటిలో ఏడోది. అంటే చటుక్కున కళ్లు మూసుకుంటే వచ్చేది కాదన్నమాట. ముందు నడత, తర్వాత శరీరం, ఆ తర్వాత ఊపిరి, చివరికి మనసు. ఈ దారి మీదే ఆమె తర్వాత అష్టాంగ యోగసారం రాశారు. రాజయోగామృత సారం కూడా రాశారు. అది ద్విపదలో ఉంటుంది. ద్విపద అంటే రెండేసి పాదాల పాట లాంటి నడక. పండితులు కానివాళ్లు కూడా పాడుకోగలరు. బడి చదువు లేని మనిషి యోగశాస్త్రాన్ని అందరి నోటికీ అందేలా చెప్పిందంటే ఆశ్చర్యం కాదూ!

గురువు దొరికినా కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఇంట్లో సూటిపోటి మాటలు, వీధిలో వేలెత్తి చూపేవాళ్లు. అందుకని ఆమె గుళ్లో ఆంజనేయస్వామి విగ్రహం వెనక్కి చేరి, ఎవరి కంటా పడకుండా ధ్యానం చేసుకునేవారట. ఈ ఘట్టం దగ్గరికొచ్చినప్పుడల్లా నా మనసు ఆగిపోతుంది. ఇంటెడు చాకిరీ చేసే మనకి ఇంట్లో మనదంటూ ఓ చోటుందా చెప్పండి? వంటిల్లు మనదంటారు గానీ, అక్కడ ఉన్నంతసేపూ మనం అందరికోసం ఉంటాం. ఎవరూ పిలవని పది నిమిషాలు, ఎవరూ రాని ఓ మూల దొరకడం ఇవాళ్టికీ కష్టమే.

ఆమెకి దొరికిన చోటు కూడా నిలవలేదు. పూజారి కంటపడి, అవమానపడి బయటికి రావలసి వచ్చిందంటారు. ఆమె ఊరు విడిచి తిరుమల చేరుకున్నారు. అక్కడా పొరుగువాళ్ల వేధింపు తప్పలేదు. ఎంగిలి విస్తళ్లు ఆమె దొడ్లో పారేసేవారని ఒక కథ. చివరికి ఆమె దట్టమైన అడవిలో ఉన్న తుంబురు కోన గుహకి వెళ్లి, కొన్నేళ్లు ధ్యానంలో గడిపారు.

ఇంతకీ అలా కూర్చుంటే ఒంట్లో ఏం జరుగుతుంది? మనకి భయం వేసినా, కోపం వచ్చినా శరీరం పోట్లాటకి సిద్ధమవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. పులి ఎదురైతే ఇది మంచిదే. కానీ పాలవాడి బాకీ, అత్తగారి మాట, పిల్లాడి మార్కులు కూడా శరీరానికి పులిలాగే కనిపిస్తే రోజంతా ఆ బిగువు సడలదు. నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకంటే నెమ్మదిగా వదిలితే శరీరాన్ని శాంతపరిచే నరాల వ్యవస్థ పనిలోకి దిగుతుంది. గుండె వేగం తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి. క్రమం తప్పకుండా ధ్యానం చేసేవాళ్లలో చాలామందికి ఆందోళన కొంత తగ్గుతుందని, నిద్ర మెరుగవుతుందని, కొందరికి రక్తపోటు కూడా కాస్త దిగుతుందని పరిశోధనల్లో తేలింది. మాయ ఏమీ లేదు, మనసూ శరీరమూ ఒకే ఇంట్లో కాపురముంటున్నాయి, అంతే!

అయితే ఒక మాట. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానేసి ధ్యానం చేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కళ్లు మూసుకోగానే పాత బాధలు ముసిరి భయం పెరిగేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు బలవంతాన కూర్చోకూడదు. ఇంకొకటి, కొట్టే మొగుణ్ని భరించడానికి ధ్యానం చేయమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వెంగమాంబ ధ్యానం చేసింది అన్యాయాన్ని సహించడానికి కాదు. దానికి ఒప్పుకోకుండా ఉండడానికి.

ధ్యానమంటే సంసారం వదిలేసి పారిపోవడమేనని విసుక్కునేవాళ్లకి కూడా ఆమె జీవితమే జవాబు. గుహలో ఉండిపోలేదు, మళ్లీ కొండ మీదికి జనం మధ్యకే వచ్చారు. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, వాసిష్ఠ రామాయణం, యక్షగానాలు, తత్త్వ కీర్తనలు రాశారు. యాత్రికుల కోసం చలివేంద్రాలు, అన్నదానం నడిపారని చెబుతారు. స్వామివారి ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఈనాటికీ ఇస్తున్నారు. గుళ్లో విగ్రహం వెనక దాక్కోవలసి వచ్చిన మనిషికి, ఏడుకొండల వాడి గర్భగుడి ముందు దక్కిన గౌరవం అది. 1817లో, 87వ ఏట ఆమె తనువు చాలించారు. ఆమె సమాధి తిరుమలలోనే ఉంది. ఈసారి కొండకి వెళ్లినప్పుడు అడిగి తెలుసుకుని చూసి రండి.

మనం గుహలకి వెళ్లనక్కర్లేదు. తెల్లవారుజామున పాలప్యాకెట్ వచ్చే ముందు ఓ పది నిమిషాలు చాలు. చాప మీదో, మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలోనో నడుం నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం గమనించండి. మనసు పప్పు నానబెట్టామా లేదా అని పరిగెడుతుంది. పరిగెత్తనివ్వండి. తిట్టకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తీసుకురండి. అలా పదిసార్లు పోయి పదిసార్లు వెనక్కి వచ్చినా అది ధ్యానమే. నేను నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను. నాకు కోపం పోలేదు గానీ, కోపానికీ నోటికీ మధ్య కాస్త ఎడం వచ్చింది.

ఆ పది నిమిషాలూ ఎవరూ పిలవకూడదని ఇంట్లో వాళ్లకి ముందే గట్టిగా చెప్పండి. మొదట నవ్వుతారు, తర్వాత అలవాటు పడతారు. వెంగమాంబకి ఆ చోటు ఎవరూ ఇవ్వలేదు, ఆమే వెతుక్కుంది. మనమూ వెతుక్కుందాం, ఏమంటారు?