సీతారాం కేశవ్ బోలే

రావుబహద్దూర్ సీతారాం కేశవ్ బోలే (1868 - 1961) బొంబాయికి చెందిన సంఘ సంస్కర్త, కార్మిక నాయకుడు, శాసనమండలి సభ్యుడు. ఎస్.కె.బోలేగా ప్రసిద్ధుడు. 1927 నాటి మహద్ సత్యాగ్రహానికి ఆధారమైన బోలే తీర్మానం ఈయన ప్రవేశపెట్టినదే. మహద్ పేరు విన్నవారిలో బోలే పేరు ఎరిగినవారు తక్కువ.

తొలి జీవితం

బోలే భండారీ కులానికి చెందినవాడు. బొంబాయి మిల్లు కార్మికుల సంక్షేమానికి ఏర్పడిన కామ్‌గార్ హితవర్ధక్ సభ స్థాపకులలో ఒకడు. బి.ఆర్.అంబేద్కర్ 1907లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడైనందుకు జరిగిన అభినందన సభకు ఈయనే అధ్యక్షుడు.

బోలే తీర్మానం

1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలి బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో నిర్మించి నిర్వహించే బావులు, చెరువులు, ధర్మశాలలతో పాటు ప్రభుత్వ పాఠశాలలు, న్యాయస్థానాలు, కార్యాలయాలు, వైద్యశాలలలోనికి కూడా అస్పృశ్యులుగా పరిగణింపబడినవారిని అనుమతించాలన్నది దాని సారాంశం. ప్రభుత్వం సెప్టెంబరు 11న తన శాఖలకు ఆదేశాలు పంపింది. మునిసిపాలిటీలు, స్థానిక బోర్డుల విషయంలో మాత్రం తీర్మానాన్ని అంగీకరించడం ఉచితమేమో పరిశీలించమని కోరడంతో సరిపెట్టుకున్నది. తీర్మానం చట్టం కాదు, సిఫారసు మాత్రమే. ఊరి బావి, చెరువు స్థానిక సంస్థల అధీనంలోనివి కావడం వలన అసలు నిర్ణయం వాటికే మిగిలింది. చాలా సంస్థలు స్పందించలేదు.

మూడేళ్ళు వేచి చూసిన బోలే 1926 ఆగస్టు 5న మరొక తీర్మానం తెచ్చాడు. మొదటి తీర్మానాన్ని అమలుచేయ నిరాకరించే మునిసిపాలిటీలకు, బోర్డులకు ప్రభుత్వ గ్రాంటు ఇవ్వరాదన్నది దీని సిఫారసు. మండలి దీనినీ ఆమోదించింది.

మహద్ మునిసిపాలిటీ

కొలాబా (ఇప్పటి రాయగడ్) జిల్లాలోని మహద్ మునిసిపాలిటీ 1924 జనవరిలోనే తీర్మానాన్ని అంగీకరించి చవదార్ చెరువును అందరికీ తెరిచింది. సురేంద్రనాథ్ టిప్నిస్ మునిసిపాలిటీ అధ్యక్షుడిగా దీనికి తోడ్పడ్డాడు. అయితే కాగితంమీది హక్కును వాడుకునే ధైర్యం అస్పృశ్యులకు అక్కడి పరిస్థితులు ఇవ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో సదస్సు ప్రతినిధులు ఊరేగింపుగా వెళ్ళి ఆ చెరువు నీరు త్రాగారు. తరువాత వారిపై దాడులు జరిగాయి. అగ్రవర్ణాలవారు 108 కుండలతో చెరువును శుద్ధి చేయించారు.

చివరకు మునిసిపాలిటీయే వెనుకడుగు వేసింది. 1927 ఆగస్టు 4న, అనగా బోలే తీర్మానం నెగ్గిన సరిగ్గా నాలుగేళ్ళకు, తన 1924 నిర్ణయాన్ని రద్దు చేసుకున్నది. రద్దును అడ్డుకునే అధికారం శాసనమండలి తీర్మానానికి లేకపోయింది. డిసెంబరులో అగ్రవర్ణాలవారు దావా వేసి తాత్కాలిక నిషేధపుటుత్తర్వు పొందారు. చెరువు మునిసిపాలిటీ ఆస్తి అనీ, అస్పృశ్యులను మినహాయించే అనాది ఆచారం రుజువు కాలేదనీ 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. అంటే 1923లో మండలి కోరినది మహద్‌లో దక్కడానికి 14 ఏళ్ళు పట్టింది.

తరువాత

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఎం.సి.రాజా ప్రతిపాదనపై 1938లో పౌర అశక్తతల నిర్మూలన చట్టం వచ్చింది. అది సిఫారసు కాక చట్టమే కావడం గమనార్హం. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దు చేయగా, 1955లో దేశమంతటికీ అస్పృశ్యతా నేరాల చట్టం ఏర్పడింది. వీటిని చూసిన బోలే 1961లో మరణించాడు.