మెర్కేటర్

బత్తాయి తొక్కను బల్లపై చదునుగా పరచినచో అది చినుగక మానదు. గుండ్రని భూమిని కాగితముపై చూపుటయు నట్టిదే. అట్లు చూపు పద్ధతికి ప్రక్షేపమని పేరు. నావికులకు మేలైన ప్రక్షేపమును కనిపెట్టినవాడు గెరార్డస్ మెర్కేటర్.

ఆయన 1512లో నేటి బెల్జియములోని రూపెల్మాండ్ అను ఊర, పాదరక్షలు కుట్టువాని యింట జన్మించెను. బంధువగు నొక మతాచార్యుని ఆదరణమున పెరిగి, లూవెన్ విశ్వవిద్యాలయమున చదివెను. గణితమును, రాగిరేకులపై పటములు చెక్కుటను నేర్చెను. 1544లో మతద్రోహి యను నింద పాలై ఏడు నెలలు చెరసాలలో నుండెను. విడుదలయైన పిమ్మట, 1552లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ నగరము చేరెను. అచ్చట తన కృషిని కొనసాగించెను.

ఆ కాలమున ఓడ దిక్సూచి ననుసరించి ఒకే దిక్కునకు సాగినను, పటముపై దాని మార్గము వంకరగా నుండెడిది. 1569లో మెర్కేటర్ ప్రచురించిన ప్రపంచపటమున, ధ్రువముల వైపునకు పోనుపోను అక్షాంశరేఖల నడుమ ఎడమును పెంచెను. అందువలన ఆ మార్గము సరళరేఖ యయ్యెను. కాని దిక్కును నిలుపుటకై పరిమాణమును విడువవలసి వచ్చెను. ఆఫ్రికాలో సుమారు పదునాల్గవ వంతు మాత్రమే యున్న గ్రీన్‌లాండ్, ఈ పద్ధతి పటములలో ఆఫ్రికా యంతగా కనబడును.

ఆయన 1594లో మరణించెను. నేడు కంప్యూటరు ఒక ప్రక్షేపమును క్షణములో మరియొక దానిగా మార్చగలదు. అయినను, ఓడ నడపువానికి దిక్కు ముఖ్యము. దేశముల వైశాల్యమును పోల్చువానికి పరిమాణము ముఖ్యము. దేనిని నిలుపవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించవలసినవాడు మనుష్యుడే.