అసలు కరగకూడదన్న ఆడిటరు: జె.సి. కుమారప్ప గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు నాకు తోచిన మొదటి పేరు జె.సి. కుమారప్ప గారిది. మన వయసువారికి విన్న పేరే. గాంధీగారి గ్రామ పరిశ్రమల ఉద్యమాన్ని నడిపినవారు. నేను ఆయనను ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ట్రెజరీలో 34 సంవత్సరాలు బిల్లులు, చిట్టాలు చూసిన నాకు ఆయన మన శాఖవారే అనిపిస్తారు. మొదట ఆయన లెక్కల మనిషి. తేనెటీగలు, కాగితం, గానుగ, తాటిబెల్లం అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

1892 జనవరి 4న తంజావూరులో తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అప్పటి పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. లండనులో అకౌంటెన్సీ చదివి, 1919లో తిరిగివచ్చి బొంబాయిలో ఆడిటరుగా స్థిరపడ్డారు. సూటు, బూటు, మంచి రాబడి. 1927లో అమెరికా వెళ్లి సిరక్యూస్‌లోనూ, తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ చదివారు. భారతదేశం ఎందుకు బీదదైందో ఆయన అక్కడ ఒక చర్చిలో ప్రసంగిస్తే అది పత్రికలో వచ్చింది. ప్రొఫెసరు సెలిగ్మన్ గారు ఆ విషయమే పరిశోధనకు తీసుకోమన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం పన్ను ఎవరి దగ్గర వసూలు చేసింది, దేనికి ఖర్చుపెట్టింది అని పద్దు పద్దుగా చూసేసరికి ఆడిటరుగారి కళ్లు తెరుచుకున్నాయి.

ఆ రాతప్రతి పట్టుకుని 1929 మే 9న సబర్మతి వెళ్లారు. చెట్టు కింద, పేడతో అలికిన నేల మీద కూర్చుని ఒక ముసలాయన నూలు వడుకుతున్నారు. చెప్పిన టైముకు ఇంకా కొన్ని నిమిషాలు ఉండడంతో ఈయన చేతికర్ర ఆనుకుని చూస్తూ నిలబడ్డారు. ఆ ముసలాయనే గాంధీగారని తెలిశాక, నలగని సిల్కు సూటుతోనే నేల మీద చతికిలబడ్డారు. ఆ వ్యాసాన్ని యంగ్ ఇండియాలో వేస్తామని చెప్పి, దానితోపాటు గుజరాత్‌లో గ్రామాల సర్వే కూడా చేసిపెట్టమన్నారు గాంధీగారు. ఈయనకు గుజరాతీ రాదు. అయినా ఖేడా జిల్లా మాతర్ తాలూకాలో విద్యార్థులను వెంటబెట్టుకుని రైతుల ఆదాయ వ్యయాలు రాయించారు. సూటు పోయి ఖద్దరు వచ్చింది. కార్నీలియస్ పోయి వంశంలోని పాత పేరు కుమారప్ప వచ్చింది.

1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. సహాయ నిధి లెక్కలు ఈయనకు అప్పగించారు. కార్యకర్త తిండికి రోజుకు మూడణాలు అని కట్టుదిట్టం చేశారు. గాంధీగారు పరివారంతో పాట్నా వచ్చినప్పుడు, వారి ఖర్చు బాధితుల డబ్బులోంచి ఇవ్వడం కుదరదని, వేరే ఏర్పాటు చేసుకోమని మహాదేవ దేశాయి గారికి చెప్పేశారు. గాంధీగారికి కోపం రాలేదు సరికదా, ఆ ఏడాది డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు ఈయననే కార్యదర్శిని చేశారు. ఆడిట్ అభ్యంతరం రాసిన పాపానికి దూరపు ఊళ్లకు బదిలీ అయిన మన మిత్రులు ఈ సంగతి చదివి ఏమనుకుంటారో!

వర్ధాలో జమ్నాలాల్ బజాజ్ గారు ఇచ్చిన తోటకు మగన్‌వాడి అని పేరు. నలభై రెండేళ్ల వయసులో కుమారప్పగారు అక్కడ మళ్లీ బడిపిల్లవాడయ్యారు. పాత గుడ్డలు, గడ్డి, చిత్తుకాగితాలు నానబెట్టి దంచి కాగితం చేయడం, ఎద్దు గానుగను బాగుచేయడం, బియ్యం దంచడం, తేనెటీగలను పెట్టెల్లో పెంచడం, చెత్తనూ పేడనూ ఎరువుగా మార్చడం, అన్నీ అక్కడ చేసి చూసి, నేర్పి పంపేవారు. కిరసనాయిలుకు బదులు గానుగనూనెతో వెలిగే లాంతరు ఒకటి తయారైంది. దానికి మగన్ దీపమని పేరు పెట్టారు. తాటిచెట్టు, ఈతచెట్టు బంజరులో వాటంతట అవే పెరుగుతాయి. వాటి నీరాతో బెల్లం వండుకుంటే, చెరకు వేసే మంచి భూమి తిండిగింజలకు మిగులుతుందని ఆయన లెక్క. తేనెటీగ తేనె ఇవ్వడమే కాకుండా పూలకు పరాగం చేర్చి తోట కాపు పెంచుతుంది. పువ్వుకు నష్టం లేదు, ఈగకు తిండి, మనిషికి లాభం. ఏ ఖాతాలోనూ డెబిట్ పడని ఇలాంటి వ్యాపారం ఆయనకు ఎంతో ఇష్టం.

క్విట్ ఇండియా రోజుల్లో జబల్‌పూర్ జైల్లో ఉండగా రాసిన పుస్తకం ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్ 1945లో వచ్చింది. అందులోని ముఖ్యమైన మాట మనకు సులభంగా అర్థమవుతుంది. బొగ్గు, పెట్రోలు, ఇనుము భూమిలో ఉన్న నిల్వ. వాడినకొద్దీ తరుగుతుంది, దాని కోసం దేశాలు కొట్టుకుంటాయి. చెట్టు, ఏరు, పంట, పశువు ఏటా వచ్చే రాబడి. మొదటిది అసలు, రెండవది వడ్డీ. అసలు తినేస్తూ దాన్ని ఆదాయం కింద చూపించే పద్దును ఏ ఆడిటరూ ఒప్పుకోడు కదా. తర్వాత ఇంగ్లండులో షూమాకర్ గారు 1973లో అచ్చయిన తమ ప్రసిద్ధ పుస్తకంలో ఈయనను ఉదహరించారు.

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన కమ్యుటేషన్ డబ్బులో కొంత పెట్టి, అనంతపురం శివారులోని మా ఇంటి స్థలంలో బోరు వేయించాను. నీళ్లు పుష్కలంగా పడ్డాయి. అరటి పెట్టాను, పచ్చగడ్డి కూడా పెంచాను. మూడో వేసవికి బోరు గాలి కొట్టింది. నెలనెలా వచ్చే పెన్షను ముందు, చేతికొచ్చిన మొత్తం ఎలా కరిగిపోతుందో మీకు వేరే చెప్పాలా! కుమారప్పగారి పుస్తకం ఆ తర్వాతే చదివాను. ఇప్పుడు ఇంటి కప్పు మీద పడ్డ వాన గుంటలోకి దిగుతుంది, వంటింటి చెత్త మూలన గొయ్యిలో ఎరువవుతుంది. అరటి లేదు, మునగ, కరివేపాకు ఉన్నాయి. వానలు పడగానే గలిజేరు, చెంచలి, పొన్నగంటి కూర ఎవరూ విత్తకుండానే వస్తాయి. నేను కలుపు అని పీకి పారేసేవాణ్ణి. వాటిలో ఏది పప్పులోకి, ఏది పులుసులోకి అని మా ఆవిడకు వాళ్లమ్మ చిన్నప్పుడే నేర్పింది. నన్ను మాత్రం ఆమె ఇంకా ఒంటరిగా కోయనివ్వదు!

అన్నిటిలోనూ ఆయనతో నేను ఏకీభవించలేను. రసాయన ఎరువులంటే ఆయనకు గిట్టదు. 1966 ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చిన జొన్నల కోసం రేషను షాపు ముందు నిలబడ్డవాణ్ణి నేను. ఎరువూ కొత్త విత్తనమూ వచ్చాకనే మా అన్నగారి గాదె నిండింది. ఆ అన్నం తిన్న నోటితో ఎరువును ఒట్టి విషం అనలేను. అయితే అదే అన్నగారు చివరి రోజుల్లో, బస్తాలు పెంచినా దిగుబడి కదలడం లేదని దిగులుపడటం కూడా చూశాను. ఈ పద్దు నాకు ఇప్పటికీ తేలలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘానికి అధ్యక్షత వహించి 1949లో నివేదిక ఇచ్చారు. పెద్ద ఫ్యాక్టరీల దారి పట్టిన పాత మిత్రులతో పొసగలేదు. మొండిమనిషి అనిపించుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. చివరికి మదురై దగ్గర కల్లుపట్టి గాంధీ నికేతన్ ఆశ్రమంలో ఒక కుటీరానికి చేరారు. అక్కడ గోడకు గాంధీగారి పటం, దానికి పైన ఒక బీద రైతు పటం ఉండేవట. అడిగినవారికి గాంధీగారు తన యజమాని అని, ఆ రైతు తన యజమానికి యజమాని అని చెప్పేవారట. రక్తపోటుతో చాలాకాలం బాధపడి 1960 జనవరి 30న, గాంధీగారు పోయిన తేదీనే, మద్రాసులో కన్నుమూశారు.

రైల్లో ఢిల్లీ వైపు వెళ్లే మన సభ్యులు వీలుంటే సేవాగ్రామ్ స్టేషనులో దిగండి. వర్ధా ఊళ్లో, 1938లో గాంధీగారు ప్రారంభించిన మగన్ సంగ్రహాలయం ఉంది. గ్రామ పరిశ్రమల పనిముట్లు అక్కడ పెట్టారు. మోకాళ్లు సహకరిస్తే వచ్చే శీతాకాలం మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాం. తోడు వచ్చేవారు సంఘం ఆఫీసులో పేరు ఇవ్వండి.