ధ్రువజ్యోతుల వెంట: క్రిస్టియన్ బిర్కెలాండ్

తెలుగు పాఠం చెప్పేవానికి భౌతికశాస్త్రం జోలి ఎందుకని మిత్రులు నవ్వవచ్చును. ఈ నార్వే శాస్త్రజ్ఞుని జీవితం చదివిన తరువాత ఊరకుండ మనసొప్పలేదు.

క్రిస్టియన్ బిర్కెలాండ్ 1867లో క్రిస్టియానియా నగరంలో, అనగా నేటి ఓస్లోలో, జన్మించారు. 1898లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులయ్యారు. ఉత్తరాది రాత్రులలో ఆకుపచ్చని తెరలవలె ఆకాశాన కదలాడే ధ్రువజ్యోతులు ఆయన నిద్రను హరించాయి. ఆ వెలుగు ధ్రువప్రాంతాలలోనే ఎందుకు కనిపించాలి? దానిని తెలుసుకొనుటకై 1899 శీతకాలంలో హాల్డె పర్వతశిఖరంపై, మంచుగాలుల నడుమ పరిశీలనశాలలో కాపురమున్నారు.

సూర్యుని నుండి వచ్చే విద్యుదావేశిత కణాలే ఇందుకు మూలమని ఆయన ఊహ. అయస్కాంత క్షేత్రం కదిలే కణాన్ని ముందుకు త్రోయదు, వెనుకకు లాగదు. పోయే దారికి అడ్డంగా ప్రక్కకు త్రిప్పుతుంది. వేగం మారదు, దిశ మారుతుంది. అందుచేత కణం గుంజకు అల్లుకొనే తీగవలె బలరేఖ చుట్టూ మెలికలు తిరుగుతూ సాగుతుంది. భూమి బలరేఖలు నేలకు దిగేది ధ్రువాల చెంతనే గదా!

ఊహతో ఆయన తృప్తిపడలేదు. గాలి తీసివేసిన గాజుపెట్టెలో, కడుపున విద్యుదయస్కాంతం గల లోహగోళాన్ని అమర్చి, దానిపైకి కాథోడ్ కిరణాలు వదిలారు. చీకటిగదిలో ఆ చిన్నభూమి ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు మెరిశాయి. సూర్యకణాలు అంత తిన్నగా రావనీ, భూమి అయస్కాంతావరణంలో శక్తి పుంజుకొంటాయనీ తరువాత తేలింది. వంపు సూత్రం మాత్రం అదే.

పరిశోధనకు డబ్బు చాలలేదు. విద్యుత్ ఫిరంగి నిర్మించి 1903లో పెద్దల సమక్షంలో ప్రదర్శించబోగా అది భగ్గుమని విఫలమయింది. ఆ అవమానం వృథాపోలేదు. విద్యుత్ జ్వాలను అయస్కాంతంతో పళ్లెంవలె పరచి, గాలిలోని నత్రజని నుండి ఎరువు చేసే పద్ధతిని సామ్ ఐడెతో కలిసి రూపొందించారు. 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ దానితోనే వెలసింది.

అయినా శాస్త్రలోకం ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. అంతరిక్షం నుండి బలరేఖల వెంట విద్యుత్ప్రవాహాలు దిగివస్తాయన్న మాటను సిడ్నీ చాప్మన్ వంటి ప్రముఖులు చాలాకాలం త్రోసిపుచ్చారు. నిద్రలేమికి వెరొనాల్ మందు అలవాటై ఆరోగ్యం క్షీణించింది. కొంతకాలం ఈజిప్టులో గడిపి, యుద్ధకాలం కావున ఆసియా మీదుగా స్వదేశం చేరబోతూ, 1917 జూన్ 15న టోక్యోలోని ఒక హోటల్ గదిలో ఒంటరిగా మరణించారు. వయస్సు 49 ఏండ్లు.

1966లో ఉపగ్రహ కొలతలు వెలువడిన పిమ్మట ఆ ప్రవాహాలు నిజమని క్రమంగా రూఢి అయింది. నేడు వాటిని బిర్కెలాండ్ ప్రవాహాలంటారు. 1994లో నార్వే కేంద్ర బ్యాంకు 200 క్రోనర్ల నోటుపై ఆయన బొమ్మను ముద్రించింది.