రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డరుగారు

మా నూజెండ్ల ప్రాంతమున ఎవరికైనను పెద్దజబ్బు చేసి ఇక్కడి వైద్యమునకు కుదురకున్నయెడల, రాయవేలూరునకు తీసికొనిపోవుదమని యింటివారు తలంచుట కలదు. ఆ యాసుపత్రిని స్థాపించిన యామె జీవితమును, విశేషించి ఆమె చదువు చెప్పిన విధమును, ఉపాధ్యాయులమగు మేము పలుమారు తలపోయుచుందుము.

ఐడా స్కడ్డరుగారు 1870వ సంవత్సరము డిసెంబరులో రాణిపేటలో జన్మించిరి. తాతగారును తండ్రిగారును మిషను వైద్యులు. ఐడాగారికి మాత్రము యౌవనమున ఆ పనియందు మనసు లేకుండెను. తల్లి అస్వస్థతనుబట్టి అమెరికానుండి తిండివనమునకు వచ్చియున్న దినములలో, ఒక్క రాత్రియే ముగ్గురు పురుషులు, ఒకరి వెనుక నొకరు, ప్రసవవేదనలోనున్న తమ భార్యలను చూడరమ్మని ఆమెను వేడిరి. తండ్రిగారు వచ్చెదనన్నను, పరపురుషుని చేయి తగులరాదని మువ్వురును మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ఆ స్త్రీలు ముగ్గురును మృతినొందిరి. ఐడాగారికి జాలి కలదు, చేతులు కలవు, నేర్పు లేదు. ఆ రాత్రియే ఆమెను వైద్యవిద్యకు పంపినది.

1899లో కార్నెల్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1900 ఆరంభమున మరలివచ్చిరి. అదే సంవత్సరమున తండ్రిగారు గతించిరి. 1902లో రాయవేలూరున 40 పడకల ఆసుపత్రి తెరువబడెను. తొలినాళ్లలో శస్త్రచికిత్సకు తోడు నిలుచు శిక్షితులు లేకపోగా, ఇంటి వంటవాని భార్యయగు సలోమి ప్రక్కన నిలిచి సాయము చేసినది. చూచి, పట్టుకొని, చేసి నేర్చుకొనిన తొలి శిష్యురాలు ఆమెయే యని మేమెంచుచున్నాము.

స్త్రీలకు వైద్యపాఠశాల పెట్టుదునన్నప్పుడు, చెన్నపట్టణపు వైద్యాధికారి బాలికలు వత్తురా యని సందేహించెను. అయినను 1918లో పాఠశాల ఆరంభమయ్యెను. ఉపకరణములు మిక్కిలి స్వల్పము. పాఠ్యక్రమము కొలది సంవత్సరములలోనే ముగియవలసినది. ఇట్టి యిరుకులో గురువులు సాధారణముగా వల్లెవేయించుటకు దిగుదురు. ఎముకల పేరులన్నియు పాటవలె చెప్పించి, చేయి విరిగిన బాలునికి కట్టు కట్టనెరుగని యుపాధ్యాయులలో మేమును ఒకరము.

ఐడాగారు పాఠములు చెప్పుచునే శిష్యురాండ్రను రోగి పడకయొద్దకును, గుడియాత్తము త్రోవకును గొనిపోయిరి. ఆ త్రోవలో వారమున కొకదినము, మొదట ఎద్దుబండిపైనను, 1909నుండి మోటారుబండిలోను వెళ్లి, చెట్లక్రింద ఆగి పల్లెజనులకు మందిచ్చు వాడుక ఆమె ఎన్నడో చేసియుండిరి. పుండ్లు కడుగుట, కండ్లు చూచుట, మందు కలిపి యిచ్చుట విద్యార్థినులు అచ్చటనే యభ్యసించిరి. ఈ రోగి ఎన్ని మైళ్లు నడచివచ్చినది, ఏ నీరు త్రాగుచున్నది, ఇచ్చిన మందు ఇంట ఏల త్రాగదు అను సంగతులు ఏ పుస్తకమునను లేవు. బీదలపై అభ్యాసము చేయుట తగునా యని కొందఱడుగవచ్చును. నేర్పరియగు గురువు ప్రక్కన నిలిచి, తప్పు జరుగకమునుపే చేయి దిద్దుచున్నచో తగును. గురువు లేనిచో తగదు. మొదటి జట్టులో 14 మంది 1922లో పరీక్ష గెలిచిరి.

1938లో పెద్ద యాపద వచ్చెను. ఆ చిన్న పట్టము ఇక చాలదనియు, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. స్థాయి కావలెననియు ప్రభుత్వము నిర్ణయించెను. అందుకు పడకలు, పెద్ద చదువుల ఆచార్యులు, విశేషధనము కావలెను. ఐడాగారికి అప్పటికి అరువదియేడు దాటినది. ధనముకొరకు మరల అమెరికా యంతయు తిరిగిరి. పురుషులను చేర్చుకొన్నచో ధనము కూడునని ఒక పక్షము, అది స్త్రీలకు చేసిన ద్రోహమని ఇంకొక పక్షము వాదించుకొనగా, ఆమె ప్రాణస్నేహితులే దూరమైరి. తుదకు ఆమె ఒప్పుకొనిరి. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతియు, 1947లో పురుషుల ప్రవేశమును జరిగెను. పిమ్మట ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరైన హిల్డా లాజరసుగారు మన విశాఖపట్టణమున జన్మించినవారే.

ఐడాగారు 1960 మే నెలలో కొడైకెనాలున కన్నుమూసిరి. ఈనాటికిని అచ్చటి వైద్యవిద్యార్థులు, చదువు మొదలిడిన కొలదికాలమునకే, కొన్నివారములు ఒక పల్లెలో మకాముండి ఇంటింటికి నడచి జనుల స్థితిగతులు విచారింతురు.