గంజికి మతం మారారా? వెల్లంపల్లి రేవు చెప్పే జవాబు

వాడలో చర్చి కనిపిస్తే చాలు, తిండి కోసం మతం మారారనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాటకు ఒంగోలు ప్రాంతం దాదాపు 150 ఏళ్ల కిందటే జవాబు చెప్పింది. ఆ జవాబు జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ పాస్టర్ జీవితంలో ఉంది. అంతకంటే ఎక్కువగా, ఆయనతో కలిసి నడిచిన మాదిగ బోధకుల జీవితాల్లో ఉంది.

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్‌లో పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశాడు. 1865లో భార్య హ్యారియెట్‌తో కలిసి నెల్లూరు వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మందే.

అయితే కదలిక మొదలైంది దొర బంగళాలో కాదు, తాళ్లకొండపాడు మాదిగపల్లెలో. యర్రగుంట్ల పేరయ్య అక్కడివాడు. తోళ్ల వ్యాపారి. యోగమార్గంలో సాధన చేసి, శిష్యులను సంపాదించుకున్న గురువు. వ్యాపారం మీద తిరుగుతూ క్రైస్తవ బోధ విన్నాడు, తానే వెతుక్కుంటూ వెళ్లి 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగివచ్చి ఊరూరా చెప్పాడు. కొద్ది నెలల్లోనే, 1867 జనవరిలో, మరో 28 మంది ఆ దారిలోకి వచ్చారు. అప్పటికి కరువూ లేదు, గంజి కేంద్రాలూ లేవు.

అప్పుడే క్లౌకి పరీక్ష ఎదురైంది. ఒంగోలులో ఆయన పెట్టిన బడికి బ్రాహ్మణుల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పెద్దలు తేల్చిచెప్పారు. ముందు పైకులాలు వస్తే తర్వాత అందరూ వస్తారని ఆలోచించే మిషనరీలు ఆ రోజుల్లో చాలామంది. క్లౌ, హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కంటపడిందట. లోకం చిన్నచూపు చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. వాళ్లు మాదిగల వైపు నిలబడ్డారు. బడి ఖాళీ అయింది.

సంఘంలో చేరేవారికి ఆయన పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతం మాటలు. ఊళ్లో మాత్రం ఈ మూడూ వెట్టి మీద దెబ్బలే. పిలిస్తే పలకాల్సిన మనిషి వారానికి ఒక రోజు తనదంటున్నాడు. జాతరలో డప్పు కొట్టనంటున్నాడు. కళేబరం మాంసం మాకొద్దంటున్నాడు. ఊరు ఊరుకోలేదు. బావి దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేసింది, దొంగ కేసులు పెట్టింది. చచ్చిన గొడ్డు మాంసం మానాలని అంబేడ్కర్ 1927లో మహద్‌లో పిలుపునివ్వడానికి 60 ఏళ్ల ముందే మన వాడలు ఈ పోరాటం చేశాయి. అది తిండి రుచి గురించిన గొడవ కాదు. ఒక కులం ఏం తినాలో ఇంకో కులం నిర్ణయించడం గురించిన గొడవ.

ఇంతలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని ఆకలితో మాడింది. జనం చస్తుంటే ధాన్యం ఓడలెక్కి వెళ్లిపోయింది. సర్కారు కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని లెక్కగట్టింది. పనుల దగ్గర పైకులాల మేస్త్రీలు మాదిగలను కొట్టడం, కూలి కాజేయడం మామూలైంది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే పని అక్కరకొచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కొట్టేవాడు లేడు, కూలి చేతికందుతోంది. వేలమంది వచ్చారు. కలరా కూడా వచ్చింది. రోగుల మధ్య, శవాల మధ్య ఆ బోధకులే తిరిగారు. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని తమ విశ్వాసం గురించి చెప్పారు.

అసలు విషయం ఇక్కడుంది. చేతిలో కూలి డబ్బులున్న ఆ కాలంలో క్లౌ 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందరు అడిగినా ఆగమన్నాడు. 1878 జూన్ నాటికి సాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికేమీ లేదని కబురు పంపాడు. అయినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి తరలివచ్చారు. మాకు డబ్బు వద్దు, సంఘంలో చేర్చుకోండి అన్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది.

ఆ 2,222 మందిలో క్లౌ తన చేత్తో బాప్తిస్మం ఇచ్చింది ఒక్కరికీ లేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా మారుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడ్డారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. దాని పక్కన క్లౌ పేరే తిరిగింది.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశాడు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది. తెల్లదొరగా కలెక్టర్ల దగ్గర ఆయనకున్న పలుకుబడి మన వాళ్లకు కొన్నిసార్లు రక్షణ అయింది, నిజమే. కానీ ఆయన వెళ్లిపోయాక కూడా ఊరితో తలపడి బతికింది వాడలోని మనుషులే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ మనుషుల మనవళ్లను ఎస్సీ జాబితా నుంచి బయట పెట్టింది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. ఆంధ్రలో వాళ్లు బీసీ-సీలో, ఒక్క శాతం కోటాలో ఉన్నారు. తిండి కోసం మారారన్నవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. మారినందుకు వాళ్లకు దక్కింది తక్కువ, పోగొట్టుకున్నది ఎక్కువ. అయినా వాళ్లు వెనక్కి పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే క్లౌ జీవితంతో పాటు పేరయ్య, నాగమ్మల జీవితాలు కూడా మనం చదవాలి, రాయాలి.