బూర్గంపాడు అడవుల్లో పక్షుల పండితుడు
1931లో గోదావరి గట్టున సలీం అలీ సర్వే.. భద్రాచలం చెంత కనుమరుగైన కలివికోడి

భద్రాచలం: గోదావరికి ఆవలి ఒడ్డున భద్రాచలం. ఈవలి ఒడ్డున సారపాక, బూర్గంపాడు. నేడు వంతెనపై బస్సు నిమిషాల్లో దాటే ఈ నది 1931లో రెండు పాలనల నడుమ సరిహద్దు. ఆవలి గట్టు ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోనిది కాగా ఈవలి గట్టున నిజాం రాజ్యానికి చెందిన పాల్వంచ సంస్థానం ఉండేది. ఖమ్మం జిల్లా అనేది అప్పటికి ఏర్పడనే లేదు. అటువంటి కాలంలో బొంబాయి నుంచి వచ్చిన ఒక సన్నటి మనిషి మెడలో దుర్భిణి, చేతిలో నోటు పుస్తకంతో ఈ అడవుల్లో పిట్టల వెంట తిరిగాడు. భారతీయ పక్షిశాస్త్రానికి పెద్దదిక్కుగా లోకం తరువాత గుర్తించిన సలీం అలీయే ఆయన. నాటికి ఆయనకు 35 ఏళ్లు. చేతిలో ఉద్యోగం లేదు. విశ్వవిద్యాలయ పట్టా కూడా లేదు.

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పదిమంది సంతానంలో ఆయనే కడగొట్టు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని కోల్పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. మేనమామ వేటగాడు కావడంతో పిల్లవాడికీ గాలి తుపాకి అబ్బింది. ఒకనాడు కొట్టిన పిచ్చుకకు గొంతు కింద పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో తెలియక మేనమామ అతణ్ని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. సంఘం కార్యదర్శి మిల్లార్డ్ ఆ పక్షి పేరు చెప్పడమే గాక, బీరువాలు తెరిచి గడ్డి కూరి భద్రపరచిన పక్షులను వరుసగా చూపారు. బాలుడి దారి అక్కడే మళ్లింది.

ఆ దారి నేరుగా సాగలేదు. చదువు అంతంతమాత్రంగా సాగడంతో 1914లో బర్మా వెళ్లి, కుటుంబానికి చెందిన గనుల, కలప వ్యాపారాలు చూశారు. అక్కడ లెక్కల కన్నా అడవులే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగివచ్చి, మరుసటి ఏడాది తెహ్మీనాను వివాహమాడారు. భారత జంతు సర్వేక్షణ సంస్థలో కొలువుకు ప్రయత్నించినా డిగ్రీ లేదన్న కారణంగా దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉద్యోగం దొరికింది. దాని నుంచి సెలవు తీసుకుని బెర్లిన్ వెళ్లి, నాటి ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి, నిధులు లేవంటూ ఆ ఉద్యోగాన్నే ఎత్తివేశారు.

నిరుద్యోగిగా సముద్ర తీరాన ఉన్న కిహీం గ్రామానికి కాపురం మార్చిన సలీం అలీకి అక్కడ గిజిగాళ్లు కనిపించాయి. మన పల్లెల్లో బావుల మీదికి ఒరిగిన ఈత చెట్లకూ, తాటి మట్టలకూ గూళ్లు వేలాడదీసే పిట్ట ఇదే. నెలల తరబడి కూర్చుని గమనించిన ఆయన, మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుందని, ఆడపిట్ట వచ్చి పరీక్షించి నచ్చితేనే అందులో చేరుతుందని, ఆపై మగపిట్ట ఆ గూడు పూర్తిచేసి మరో గూటికి పూనుకుంటుందని తేల్చారు. చంపి చర్మం ఒలిచి కొలతలు రాసుకోవడమే పక్షిశాస్త్రమని భావించిన రోజుల్లో, బతికున్న పిట్ట ఏం చేస్తోందో చూడటమే ముఖ్యమని ఈ వ్యాసం చాటింది. కొలువు పోవడం ఆయనకు కష్టమే గాని, పక్షిశాస్త్రానికి మాత్రం మేలే జరిగిందనాలి.

నిజాం రాజ్యంలో సర్వే

నాటి స్వదేశీ సంస్థానాల్లో చాలావాటి పక్షుల వివరాలు ఎవరి వద్దా లేవు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కర్లేదంటూ సలీం అలీ సర్వేలకు ముందుకు వచ్చారు. బొంబాయి సంఘం పక్షాన చేపట్టిన అటువంటి సర్వేల్లో మొదటిది హైదరాబాద్ రాజ్యానిదే. 1931 చివర్లో మొదలై 1932లో ముగిసిన ఈ పర్యటనలో ఆదిలాబాద్ అడవుల నుంచి అమ్రాబాద్ పీఠభూమి వరకు తిరిగారు. నేటి ఉమ్మడి ఖమ్మం జిల్లా పరిధిలోని బూర్గంపాడు, నెల్లిపాక పరిసరాలు ఆ నమూనాల చీటీల మీద కనిపించే ఊర్లలో ఉన్నాయి. తెహ్మీనా కూడా భర్త వెంట శిబిరాల్లో ఉంటూ వసతి, సామగ్రి ఏర్పాట్లు చూసుకునేవారు.

ఈ పని విలాసయాత్ర ఏమీ కాదు. తెల్లవారకముందే అడవిలోకి వెళ్లడం, పిట్టను చూసి రాసుకోవడం, అవసరమైన నమూనాను తుపాకితో సేకరించడం, ఎండ ముదిరేలోగా శిబిరానికి చేరి చర్మం ఒలిచి, విషపు మందు పూసి, దూది కూరి ఆరబెట్టడం.. ఇది నిత్యకృత్యం. ఒక్కో పిట్ట కాలికి ఒక చీటీ. అందులో ఊరు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఆడా మగా అన్న వివరం ఉండేవి. ఈకలు రాల్చే కాలమా, గుడ్లు పెట్టే కాలమా అన్నది కూడా గుర్తించేవారు. నమూనాలను ఇంగ్లండులోని హ్యూ విస్లర్ పరిశీలించి జాతులను నిర్ధారించగా, నివేదిక 1933-34ల్లో బొంబాయి సంఘం పత్రికలో భాగాలుగా వెలువడింది. కిన్నెరసాని గోదావరిలో కలిసే ఈ మూలన తొమ్మిది దశాబ్దాల కిందట ఏ పక్షులు ఉండేవో తెలుసుకోవాలంటే నేటికీ ఆ నివేదికనే తెరవాలి.

అయితే ఒక పక్షి అందులో లేదు.

కనిపించకుండా పోయిన కలివికోడి

నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1848లో తూర్పు కనుమల చిట్టడవుల్లో ఒక కొత్త పక్షిని లోకానికి తెలిపారు. తీతువు కన్నా చిన్నది, సుమారు 27 సెంటీమీటర్ల పొడవు, నేల మీదే తిరిగేది, రొమ్ముపై రెండు అడ్డ పట్టీలు ఉన్నది. కలివి పొదల మధ్య తిరుగుతుంది గనుక కడప ప్రాంతంలో కలివికోడి అన్నారు. శాస్త్ర గ్రంథాల్లో మాత్రం జెర్డాన్ కోర్సర్‌గా స్థిరపడింది. జెర్డాన్ తరువాత ఈ పక్షిని గోదావరి లోయలో చూసినవాడు విలియం బ్లాన్‌ఫర్డ్. భూగర్భ సర్వేక్షణ సంస్థ ఉద్యోగిగా రాళ్ల పొరలు పరిశీలిస్తూ గోదావరి లోయలో తిరిగిన ఆయన, సిరొంచ దగ్గర, భద్రాచలం దగ్గర ఈ పక్షి ఉన్నట్టు నమోదు చేశారు. బయలు నేలల్లో కాక పలుచటి అడవిలో, ఎత్తయిన పొదల నడుమ ఉంటుందని కూడా గుర్తించారు. ప్రపంచంలో మరెక్కడా లేని ఈ పక్షికి భద్రాచలం ఒక చిరునామా అయింది.

1900లో అనంతపురం ప్రాంతంలో చివరిసారి కనిపించిన ఈ పక్షి ఆ తరువాత అదృశ్యమైంది. సలీం అలీ బూర్గంపాడు వచ్చేనాటికి మూడు దశాబ్దాలుగా దాని జాడ లేదు. బ్లాన్‌ఫర్డ్ పేర్కొన్న భద్రాచలం నదికి ఆవలే ఉన్నా, ఆయన సర్వేకు అది దొరకలేదు. తరువాతి అన్వేషణలూ ఫలించకపోవడంతో ఈ జాతి అంతరించిందనే చాలామంది భావించారు.

సలీం అలీ జీవితం మాత్రం ఆగలేదు. తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు సహా ఎన్నో సంస్థానాల్లో సర్వేలు చేశారు. 1939లో తెహ్మీనా మరణం ఆయనను కుంగదీసింది. మళ్లీ వివాహమాడలేదు. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం సామాన్యుడి చేతికి అందింది. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల పక్షి విజ్ఞాన గ్రంథం 1968-74ల్లో వచ్చింది. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులనూ మనుషులనూ బలిగొన్న జ్వరం బయటపడినప్పుడు, వలస పక్షులే దాన్ని ఉత్తరాది దేశాల నుంచి మోసుకొచ్చాయా అన్న అనుమానం తలెత్తింది. ఆ సందర్భంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959 నుంచి పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే కార్యక్రమాన్ని ఆయన నడిపారు. తమిళనాడు తీరంలోని కోడియక్కరై, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలల్లో వేల పక్షులకు ఉంగరాలు పడ్డాయి. సముద్ర తీరపు మడుగు, మంచినీటి చెరువు, వేల మైళ్ల అవతలి గుడ్లు పెట్టే చోటు ఒకే పక్షికి మూడు ఇళ్లని ఈ పని తెలియజేసింది.

భరత్‌పూర్ మహారాజుల బాతుల వేటస్థలాన్ని పక్షుల శరణాలయంగా నిలపడంలో ఆయన కృషి ప్రముఖమైనది. కానీ అక్కడే ఒక చేదు అధ్యాయమూ ఉంది. గేదెల మేత పక్షులకు హాని అన్న వాదనను ఆయన సమర్థించారు. 1982లో మేతను నిషేధించినప్పుడు గ్రామస్థులకూ పోలీసులకూ ఘర్షణ జరిగి ప్రాణాలు పోయాయి. తీరా బొంబాయి సంఘమే ఏళ్ల తరబడి సాగించిన అధ్యయనంలో, గేదెలు లేకపోవడంతో గడ్డి నీటిని కమ్మేసి చేపలూ పక్షులూ తగ్గాయని తేలింది. ఎంతటి పండితుడికైనా తెలియనిది ఆ నేల మీద బతికేవారికి తెలిసి ఉండవచ్చని ఈ ఉదంతం చెబుతోంది. అడవి అంచున కోయలు, కొండరెడ్లు జీవించే మన ప్రాంతంలో ఈ సంగతిని పట్టించుకోవలసిన అవసరం మరీ ఎక్కువ.

కలివికోడి దొరికిన తీరు కూడా అటువంటిదే. బొంబాయి సంఘం పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో పక్షి బొమ్మలు చూపుతూ వేటగాళ్లను, పశువుల కాపరులను విచారించారు. పగలు వెతికితే దొరకదని, అది రాత్రిపూట తిరిగే పిట్ట అని వారి ద్వారానే తెలిసింది. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె వద్ద స్థానికుడొకరు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నారు. 86 ఏళ్ల తరువాత లోకానికి కనిపించిన ఆ పక్షి, భద్రాచలానికి ఆకాశమార్గాన సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంది. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. పద్మభూషణ్, పద్మవిభూషణ్ పురస్కారాలు పొంది, రాజ్యసభకు నామినేట్ అయిన ఆయన, అది బతికే ఉందన్న కబురు విన్న ఏడాదిన్నరకు, 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

ఆ తరువాత

కడపలో కలివికోడి కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2000 తరువాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి వాటిపై పడిన అడుగుజాడలను లెక్కించారు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోటనే జాడలు ఎక్కువగా కనిపించాయి. పొదలు పూర్తిగా కొట్టేసినా, అడవి దట్టంగా అల్లుకున్నా ఈ పక్షి ఉండదన్నమాట. మితంగా సాగే పశువుల మేత దానికి శత్రువు కాకపోవచ్చు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నివాసం మీదికి రాగా, అభ్యంతరాల నడుమ మార్గం మార్చవలసి వచ్చింది. 2008 తరువాత మళ్లీ ఏళ్ల తరబడి జాడ లేని కలివికోడి కూత 2025 ఆగస్టులో కడప ప్రాంతంలో వినిపించింది.

గోదావరి లోయ సంగతి వేరు. బ్లాన్‌ఫర్డ్ తరువాత ఇక్కడ అది నమోదు కాలేదు. పాల్వంచ చెంత కిన్నెరసాని అభయారణ్యం 1977లో ఏర్పడింది. 2014లో భద్రాచలం పరిసర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవగా, నది మళ్లీ రెండు ప్రభుత్వాల అటవీ శాఖల నడుమ పడింది. పోలవరం ముంపు ప్రాంతమూ ఈ లోయలోనిదే. పెద్ద చెట్ల అడవికి, పులికి, జింకకు లెక్కలున్నాయి గాని, ఊరికీ అడవికీ నడుమ ఉండే రేగు, కలివి పొదల నేలను బంజరుగానే చూస్తారు. చదును చేయడానికైనా, మొక్కలు నాటడానికైనా ముందుగా ఎంపికయ్యేది అదే.

కలివికోడి పగలు పొదల నీడన కదలకుండా ఉంటుంది. సూర్యాస్తమయమైన ముప్పావు గంట తరువాత రెండేసి స్వరాల కూతను వెంటవెంటనే కొద్ది నిమిషాలపాటు వినిపించి మౌనం వహిస్తుంది. పగటిపూట గస్తీ తిరిగే వారి కంట అది పడే అవకాశం బహు స్వల్పం. మునిమాపు వేళ పశువులను తోలుకొచ్చేవారికి వినిపించే అవకాశం అంతకన్నా ఎక్కువ.